బ్యాంకాక్ సెవెన్ ఎలెవెన్ తిండి మొదటిసారి తిన్నా: మేత సంచి మీది పేరే ఆడ రొయ్యల గిన్నె మీద

విడవలూరు గుంటలు | శనివారం రాత్రి 9:12

మా రొయ్యల మేత డీలరు టార్గెట్ కొట్టినాడని కంపెనీ వాళ్ళు థాయిలాండ్ టికెట్లిచ్చినారు. ఆయన తనతో పాటు మమ్మల్ని కొందరు రైతుల్ని కూడా తీసుకుపోయినాడు. పట్టాయా, పడవలు, ఏనుగులు అందరూ రాసేవే, నేను రాయను. నేను రాసేది ఆడ మలుపు మలుపుకీ ఉండే సెవెన్ ఎలెవెన్ అంగడి గురించి.

టూరు వాడు రోజూ ఇండియన్ హోటలుకే తోలుకుపోతాడు. పొద్దున పనీరు, రాత్రి పనీరు. నెల్లూరోడికి పనీరు పెట్టి పంపించేదేంది సామీ! ఒక రాత్రి పదకొండు దాటినాక ఆకలేసి హోటల్ కింద అంగట్లోకి పోయినా. లోపల ఏసీ, గోడ పొడవునా ఫ్రిజ్‌లు, వాటి నిండా అన్నం డబ్బాలు, సూపు గిన్నెలు, ప్లాస్టిక్‌లో చుట్టిన బ్రెడ్డు. ఒక్కటంటే ఒక్క అరటిపండును కవర్లో పెట్టి అమ్ముతున్నారు, అది చూసి కాసేపు నవ్వుకున్నా. మనకి నచ్చింది తీసుకుపోయి కౌంటర్లో ఇస్తే ఆ పిల్లే వేడి చేసి, చెంచా పెట్టి చేతికిస్తది. మాట్లాడే పని లేదు, వేలు చూపిస్తే చాలు.

తిన్నవి చెప్తా. మొదటిది తులసి లాంటి ఆకేసి వేయించిన కోడి కీమా, అన్నం మీద. పైన గుడ్డు. కారం బాగుంది, అబద్ధం చెప్పను. మనం మెతక కూర అనుకుంటాం గానీ ఆడి పచ్చిమిరప చిన్నదైనా చెవుల్లో పొగొస్తది. అన్నం మాత్రం కొంచెం అతుక్కుంటది, వాసన బాగుంది. రెండోది హ్యామ్, చీజ్ పెట్టిన బ్రెడ్డు. దాన్ని ఇనప పెట్టెలో నొక్కి కాల్చిస్తారు. మా వాళ్ళందరూ ఎగబడి తిన్నారు, నాకు వెన్న వాసన ఎక్కువైంది.

మూడోదే అసలు సంగతి. రొయ్యల వాంటన్ సూపు. పల్చటి మైదా పొరలో రొయ్య చుట్టి, ఆకుకూర వేసిన నీళ్ళలో పెట్టినారు. గిన్నె తిప్పి చూస్తే దాని మీద థాయ్ మేత కంపెనీ సీపీ గుర్తు! మా షెడ్డులో పేర్చిన మేత సంచుల మీద ఏళ్ళ తరబడి చూసిన గుర్తు. వాంటన్ కొరికి చూస్తే రొయ్య గట్టిగా, కరకరమని ఉండాది. కంటి లెక్కన వంద కౌంటుకి, అంటే కిలోకి వంద రొయ్యలకి, అటూ ఇటూ. మన దగ్గర అంత చిన్న రొయ్య పట్టాల్సొస్తే మొహం వేలాడేసుకుంటాం. ఆడ అదే రొయ్య గిన్నెలో కూర్చోని నలభై, యాభై బాట్లు పలుకుతోంది. బాటుకి మన డబ్బు రెండున్నర పైనే.

గైడుని అడిగితే ఈ దేశంలో ఈ అంగళ్ళు నడిపేది కూడా వాళ్ళ గ్రూపే అన్నాడు. మేత వాళ్ళది, రొయ్య పిల్ల వాళ్ళది, గిన్నె వాళ్ళది, అంగడి వాళ్ళది.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇన్ని రొయ్యల గుంటలున్నాయి గదా. వేడి చేసుకుని తినే రొయ్యల గిన్నె ఒక్కటైనా మన పేరుతో ఎందుకు లేదు? తెలిసినోళ్ళు చెప్పండి.

---

మైపాడు అల | శనివారం రాత్రి 9:30

అన్నా, హ్యామ్ చీజ్ టోస్ట్‌ని అంత మాటనేశావా! బ్యాంకాక్ పోయేవాడు గుడి చూడకపోయినా అది తింటాడు. నేను ఫ్రెండ్స్‌తో పోయినప్పుడు రాత్రిపూట అదే భోజనం. ధర కూడా ముప్పై పైచిలుకు బాట్లే. బయట కరకర, లోపల చీజ్ సాగుతా ఉంటుంది.

సీపీ సంగతి మాత్రం నాకు కొత్త. మా నాన్నకి చూపిస్తా ఈ పోస్టు.

---

ఒంగోలు గిత్త | శనివారం రాత్రి 9:41

విమానమెక్కి అంత దూరం పోయి ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం తిని వచ్చారా. మా ఇంట్లో రాత్రి మిగిలిన అన్నం పొద్దున పెడితేనే మా నాయన కంచం నెట్టేసేవాడు. ఆ డబ్బా ఎప్పుడు వండారో, ఎవరు వండారో, ప్లాస్టిక్‌లో పెట్టి మైక్రోవేవ్‌లో తిప్పితే అందులోకి ఏం దిగుతుందో. ఒంగోల్లో కర్నూలు రోడ్డు మీద రాత్రి పన్నెండుకి కూడా వేడి వేడి దోశ దొరుకుతుంది. కళ్ళ ముందు పోస్తాడు, కళ్ళ ముందు తీస్తాడు.

---

విడవలూరు గుంటలు | శనివారం రాత్రి 9:48

గిత్తా, కోపమొద్దు. ఆ డబ్బా మీద ఏ రోజు లోపల తినాలో తారీఖు ఉండాది. నీ దోశ పిండి ఎప్పుడు రుబ్బిందో బండి మీద రాసుంటుందా? మాటకి అంటున్నా, నేనూ దోశ మనిషినే.

---

వేదాయపాళెం వదిన | శనివారం రాత్రి 10:05

మేము సెలవుల్లో పోవాలనుకుంటున్నాం. మా అత్తగారు శాకాహారం, ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టరు. ఆమె కోసం ఇక్కడి నుంచి పులిహోర పొడి, అటుకులు మోసుకుపోవాలా? లేక ఆ షాపుల్లో ఏమైనా దొరుకుతుందా? మొహమాటం లేకుండా చెప్పండి, ఆవిడ తినకుండా కూర్చుంటే మా ట్రిప్పంతా అయిపోయినట్టే.

---

మైపాడు అల | శనివారం రాత్రి 10:14

వదినా, పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలతో ఒక గుర్తుంటుంది. థాయ్ రానివాళ్ళకి అది 17 అంకెలా కనపడుతుంది. దాన్ని "జే" అంటారు. అది చైనా బౌద్ధుల శాకాహార నియమం. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. మీకు పనికొచ్చే సంగతేందంటే ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. ఏటా శరదృతువులో తొమ్మిది రోజులు జే పండగ చేస్తారు, కొన్నేళ్ళు సరిగ్గా మన నవరాత్రులతోనే కలుస్తుంది. ఆ రోజుల్లో పోతే సెవెన్ ఎలెవెన్‌లో ఒక అర మొత్తం పసుపు జెండాలే.

మిగతా రోజుల్లో తక్కువ దొరుకుతాయి. సోయా పాలు, పండ్లు, వేరుశనగలు, కొన్ని బన్నులు. మామూలు కూరగాయల వేపుడు అని బొమ్మ చూసి కొనొద్దు, అందులో చేప సాసో, ఆల్చిప్పల సాసో పడి ఉంటుంది.

---

సింగరాయకొండ స్టేషన్ | శనివారం రాత్రి 10:31

అమ్మా, మీ అత్తగారికి అటుకులు, పొడి తీసుకెళ్ళండి. వేడినీళ్ళు ఆ షాపులోనే దొరుకుతాయి, కప్పు నూడుల్స్ కోసం పెట్టి ఉంచుతారు. ఆ చేప సాసు నెత్తళ్ళు ఉప్పులో ఊరబెట్టి తీసేది. మనం ఎండబెట్టుకుంటాం, వాళ్ళు ఊరబెట్టి రసం తీస్తారు. వంటలో ఉప్పుకి బదులు అదే పోస్తారు కాబట్టి తప్పించుకోవడం కష్టం.

అలాగే గుడ్డ సంచి ఒకటి దగ్గరుంచుకోండి. 2020 జనవరి నుంచి అక్కడి పెద్ద షాపులు ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు ఇవ్వడం మానేశాయి. అరటిపండుకి కవరుంటుంది, మీకు మాత్రం ఉండదు.

గిత్త గారు గొడ్డుమాంసం, పందిమాంసం సంగతి ఎత్తలేదు గానీ తెలుసుకోవాల్సింది అదే. హ్యామ్ అంటే పందిమాంసమే. కౌంటరు దగ్గర ఆవిరి పెట్టెలో తెల్లటి బన్నులు ఉంటాయి, చూడ్డానికి మన కొబ్బరి కుడుముల్లా. వాటిలో చాలా వాటికి లోపల పంది కీమా. బీన్స్ తీపి ముద్ద పెట్టినవీ ఉంటాయి, అడిగి తీసుకోవాలి. "మూ" అంటే పంది, "కై" అంటే కోడి, "నువా" అంటే గొడ్డు, "కుంగ్" అంటే రొయ్య. ఈ నాలుగూ ఫోనులో రాసుకోండి.

---

కందుకూరు టు టోక్యో | ఆదివారం ఉదయం 6:20

జపాన్ నుంచి నా వంతు. థాయిలాండ్‌లో ఈ షాపులు 15,000 దాటాయి, జపాన్‌లో 21,000 పైనే. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో వంట రాదు, సెవెన్ ఎలెవెనే మా మెస్సు.

మొదట తిన్నది ఒనిగిరి. మూడు మూలల అన్నం ముద్ద, లోపల ఏదో ఒక కూరుడు, పైన సముద్రపు నాచు రేకు. దాని ప్యాకింగ్ గురించి చెప్పకపోతే పాపం. అన్నం తేమకి నాచు మెత్తబడకూడదని రెండింటి మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర పెడతారు. పైన 1, 2, 3 అని రాసుంటుంది. ఆ వరసలో లాగితే పొర మాయమై నాచు అన్నానికి చుట్టుకుంటుంది, పళ్ళ కింద పెళపెళమంటుంది. వరస తప్పితే అన్నం చేతిలో, నాచు కవర్లో. ధర మన లెక్కలో వంద రూపాయల చుట్టుపక్కల.

ఎక్కువగా అమ్ముడుపోయే వాటిలో ట్యూనా చేప, మయోనైజ్ కలిపింది ఒకటి. 1983లో సెవెన్ ఎలెవెన్ వాళ్ళే తెచ్చారు. నాకు మాత్రం ఉప్పులో ఊరిన రేగుపండంత పుల్లటి పండు పెట్టింది ఇష్టం. పెరుగన్నంలో ఊరగాయ నంజుకునే నాలుకకి అదే దారి దొరికింది.

గిత్త బాబాయ్, "ఎప్పుడు వండారో" అన్నారుగా. ఇక్కడ అన్నం సరుకు లారీలు రోజుకి మూడు దఫాలు వస్తాయి. ప్యాకెట్ మీద తారీఖే కాదు, గంట కూడా ఉంటుంది. ఆ గంట దాటితే కౌంటర్లో స్కానరే ఒప్పుకోదు, మనం కొంటామన్నా అమ్మరు. అంత అన్నం పారేస్తారని ఇక్కడి వాళ్ళే తిట్టుకుంటారు కూడా. అది వేరే గొడవ.

---

ఒంగోలు గిత్త | ఆదివారం ఉదయం 7:02

అన్నం పారేసే షాపు గొప్పదని చెప్తున్నావా అబ్బాయ్? మనూళ్ళో మెతుకు కింద పడితే కళ్ళకద్దుకుంటాం.

---

కందుకూరు టు టోక్యో | ఆదివారం ఉదయం 7:09

గొప్పదనలేదు బాబాయ్. పాతది అమ్మరు అన్నాను, అంతే. పారేయడం నాకూ నచ్చదు.

---

డాలస్ నెల్లూరోడు | ఆదివారం ఉదయం 8:15

మా ఊరి కంపెనీ గురించి మాట్లాడుతూ మమ్మల్ని పిలవరా? సెవెన్ ఎలెవెన్ పుట్టింది డాలస్‌లో, 1927లో. హెడ్డాఫీసు ఇప్పటికీ పక్కనే ఇర్వింగ్‌లో, చుట్టూ అపార్టుమెంట్లన్నీ మనవాళ్ళే. రొయ్యల వాళ్ళకి నచ్చే ముక్క ఒకటుంది. అది మొదట ఐస్ కంపెనీ. ఇళ్ళలో ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఐసు దిమ్మలు అమ్మే చోట, ఐసు ఎటూ ఉంది కదా అని పాలు, గుడ్లు, బ్రెడ్డు పెట్టి అమ్మడం మొదలెట్టారు. 1946లో పొద్దున 7 నుంచి రాత్రి 11 దాకా తెరిచి ఉంచి ఆ పేరు పెట్టుకున్నారు. 1974లో టోక్యోలో మొదటి షాపు తెరిచిన జపాన్ వాళ్ళే 1991లో అమెరికా కంపెనీలో పెద్ద వాటా కొనేశారు, 2005కి మొత్తం వాళ్ళదే అయింది.

తిండి సంగతికొస్తే, జపాన్, థాయిలాండ్ తిని వచ్చి డాలస్ షాపులోకి పోతే ఏడుపొస్తుంది. గుండ్రటి కడ్డీల మీద పొద్దుటి నుంచి దొర్లే సాసేజీలు, అద్దాల పెట్టెలో పిజ్జా ముక్క, పెద్ద గ్లాసులో రంగు ఐసు. ఆ రంగు ఐసు స్లర్పీకి మా పిల్లలు ప్రాణమిస్తారు. అమెరికాలో తేదీ రాసే తీరులో జూలై 11 అంటే 7/11 కదా, ఆ రోజు ఊరికే పోస్తారు.

టెక్సాస్‌లో తిండి చూడాలంటే బకీస్‌కి పోవాలి. 1982లో మొదలైంది, బొమ్మ ఒక నీటి ఉడత లాంటి జంతువు. లూలింగ్‌లో ఉన్నది 75,000 చదరపు అడుగులు. పెట్రోలు పోయించుకునే చోట అంత షాపు! మా నాన్న నెల్లూరు నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్తే బాత్రూములు చూసి "ఇది కల్యాణ మండపమా" అన్నారు. మధ్యలో బల్ల మీద మాంసం కొడుతూ అరుస్తుంటారు. అది గొడ్డుమాంసం కాబట్టి మేము తీపి మొక్కజొన్న పేలాలు కొనుక్కుని వచ్చేశాం.

---

వేదాయపాళెం వదిన | ఆదివారం ఉదయం 9:40

బకీస్ దాకా పోయారు, గుంటలు అన్న అడిగినదానికి మాత్రం ఎవరూ చెప్పలేదు. వేడి చేసుకుని తినే రొయ్యల గిన్నె మనకెందుకు లేదు? నాకూ అదే కావాలి. ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చి రొయ్యలు ఒలవమంటే ఎవరొలుస్తారు.

---

కావలి కోల్డ్ స్టోరేజీ | ఆదివారం ఉదయం 11:25

చెప్తా వదినా. రొయ్యల ఎగుమతి ప్లాంట్లో క్వాలిటీ పని చేస్తాను, ఫ్యాక్టరీ పేరు అడగొద్దు.

గుంటలు అన్న గిన్నె లెక్క వేశాడు, నేను కిలో లెక్క వేస్తా. కిలో రొయ్యకి తల తీస్తే మూడో వంతు పోతుంది. పొట్టు, నరం కూడా తీస్తే సగానికి కాస్త పైన మిగులుతుంది. అది షెడ్డులో ఆడవాళ్ళు చేత్తో ఒలిచే పని. ఒలిచిన రొయ్యని విడివిడిగా గడ్డకట్టించడమో, దిమ్మలుగా వేయడమో చేసి మైనస్ 18 డిగ్రీల్లో పెట్టి కంటైనర్ ఎక్కిస్తాం. మన పని దాదాపు అక్కడితో అయిపోతుంది. దానికి పిండి పూసి వేయించడం, వాంటన్‌లో చుట్టడం, సాసు పెట్టి గిన్నెలో అమర్చడం, ఆ పైసలన్నీ వేరేవాళ్ళవి. మన దగ్గర ఆ లైన్లు అసలు లేవని కాదు, ఉన్నాయి. కానీ అందులో ఎక్కువ అమెరికా, జపాన్ కొనేవాళ్ళ కోసం, వాళ్ళ పేరు మీద చేసేవే. నెల్లూరు వదిన కొనే గిన్నె ఎవరూ చెయ్యరు.

ఎందుకంటే గిన్నె చెయ్యడం తేలిక, దాన్ని చల్లగా ఉంచడమే కష్టం. ప్లాంట్ నుంచి లారీ, లారీ నుంచి గోడౌన్, గోడౌన్ నుంచి కొట్టు, కొట్టులో ఫ్రిజ్. ఎక్కడ ఒక పూట వెచ్చబడినా రొయ్య పాడవుతుంది, పేరు పోతుంది. ఇక్కడ కొట్లవాళ్ళలో కొందరు కరెంటు బిల్లుకి భయపడి రాత్రి ఐస్‌క్రీమ్ ఫ్రిజ్ స్విచ్ కట్టేస్తారు. పొద్దున ఐస్‌క్రీమ్ కప్పు తెరిస్తే గడ్డలు గడ్డలుగా ఎందుకుంటుందో చూడలేదా? దానిలో నేను రొయ్యల గిన్నె పెట్టమంటారా?

సీపీ వాళ్ళకి ఆ తిప్పలు లేవు. గ్రూపు 1921లో బ్యాంకాక్‌లో కూరగాయ విత్తనాలమ్మే చిన్న అంగడిగా మొదలైంది. తర్వాత మేత, కోళ్ళు, రొయ్యలు. 1989లో సెవెన్ ఎలెవెన్ హక్కులతో మొదటి షాపు. చివరి ఫ్రిజ్ స్విచ్ కూడా వాళ్ళ చేతిలోనే ఉంది. అందుకే ఆ గిన్నె అక్కడ కుదిరింది.

---

విడవలూరు గుంటలు | ఆదివారం మధ్యాహ్నం 12:10

ఇప్పుడు అర్థమైంది. రొయ్య పెంచడంలో వాళ్ళు మనకన్నా పోటుగాళ్ళేం కాదు. 2012, 2013లో రొయ్య పిల్లల్ని చంపేసే ఈఎంఎస్ జబ్బొచ్చి వాళ్ళ గుంటలు ఖాళీ అయినప్పుడే గదా మన వనామీ రొయ్యకి రేటు పలికింది. అప్పటి లాభంతో మా ఊర్లో లేచిన మేడలు ఎన్నో. అంత దెబ్బ తిన్నా వాళ్ళ గిన్నె నిలబడింది. మనకేమో 2025 ఆగస్టులో అమెరికా వాడు సుంకం 50 శాతం చేసేసరికి గుంట గట్టు మీద కూర్చోని తల పట్టుకున్నాం. కొనేవాడు దూరాన ఒక్కడే అయితే ఇట్టనే ఉంటది.

---

టంగుటూరు పొగాకు | ఆదివారం మధ్యాహ్నం 12:45

మా పొగాకు రైతులు వింటే నవ్వుతారు అన్నా. బోర్డు వేలం, కంపెనీ కొనుగోలుదార్లు, గ్రేడ్ తక్కువన్న మాట. మేము ఎన్నేళ్ళుగా ఉన్నామో ఆ బండిలో. సుంకం వేసింది ఎవరు, ఆపాల్సింది ఎవరు అంటే

---

నిర్వాహకులు | ఆదివారం మధ్యాహ్నం 1:00

పై పోస్టులో రాజకీయాల భాగం తీసేశాం. తిండి మీద ఉండండి.

---

ఒంగోలు గిత్త | ఆదివారం మధ్యాహ్నం 2:20

తిండి మీదే ఉంటా. మీరంతా మర్చిపోయిందొకటి ఉంది. మనకి సెవెన్ ఎలెవెన్ ఎందుకు లేదు? కర్రీ పాయింట్ ఉంది కాబట్టి! ఇంట్లో కుక్కరు పెట్టి, వీధి చివరికి పోయి పప్పు ఒకటి, వేపుడు ఒకటి, రసం ఒకటి కవర్లలో కట్టించుకుని వస్తే సగం ఊరి రాత్రి భోజనం అయిపోతుంది. ముప్పై, నలభై రూపాయలకి ఒక కూర. ఉద్యోగస్తులు, చదువుకునే పిల్లలు, ఒంటరి ముసలివాళ్ళు అందరూ అక్కడే. ఫ్రిజ్ అక్కర్లేదు, పొద్దున వండింది రాత్రికి అయిపోతుంది. మళ్ళీ రేపు వండుతాడు.

---

కందుకూరు టు టోక్యో | ఆదివారం మధ్యాహ్నం 2:38

బాబాయ్, ఈ మాటకి మాత్రం నేను మీ వైపే. ఇక్కడికొచ్చాక నాకు బాగా లోటైంది కర్రీ పాయింటే. సెవెన్ ఎలెవెన్‌లో ఒక్క మనిషికి ఒక్క డబ్బా, అన్నంతో సహా. కూర ఒక్కటి విడిగా, అదీ నలుగురికి సరిపడా తెచ్చుకునే ఏర్పాటు లేదు. ఆ షాపు ఒంటరివాళ్ళ లెక్కన కట్టింది.

కాకపోతే కర్రీ పాయింట్ రాత్రి పదికి మూస్తాడు. కాలే వేడి కూరని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి దారం చుడతాడు. మైక్రోవేవ్ డబ్బాకి భయపడే మీరు దానికి భయపడరేం?

---

వేదాయపాళెం వదిన | ఆదివారం మధ్యాహ్నం 3:05

అది నిజం. మా వీధి కర్రీ పాయింట్‌కి నేను స్టీలు గిన్నెలు తీసుకుపోతా, ఆయన మొహం చిట్లించినా సరే.

ఇంకోటి. కర్రీ పాయింట్‌లో రొయ్య ఉండదు, ఉన్నా ఆదివారమే, అదీ ఉల్లిపాయలో వెతుక్కోవాలి. నెల్లూరు చేపల పులుసు పేరు రాష్ట్రమంతా తెలుసు, ఊరోడికి పొద్దుపోయాక కావాలంటే హోటలుకి పోవాల్సిందే. కావలి గారూ, పులుసుని గిన్నెలో పెట్టలేమా? పులుసు ఎటూ మర్నాడే రుచి కదా.

---

కావలి కోల్డ్ స్టోరేజీ | ఆదివారం సాయంత్రం 5:50

వదినా, మంచి చోట పట్టుకున్నారు. వాంటన్ ప్లాంట్ నుంచి కొట్టు దాకా చల్లగా లేకపోతే బతకదు, పులుసు బతుకుతుంది. రిటార్ట్ అనే పద్ధతి ఉంది. కూరని దళసరి పొరల సంచిలో పోసి గాలి లేకుండా మూసి, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి దానిలో 121 డిగ్రీల దగ్గర ఉంచుతారు. క్రిములు, వాటి బీజాలు అన్నీ చస్తాయి. తర్వాత ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి కొట్టు అరలో ఉంటుంది. రైల్లో తీసుకుపోయే పప్పు, రాజ్మా ప్యాకెట్లు అట్లా చేసినవే.

ఇబ్బంది ఎక్కడంటే అంత వేడికి చేప ముక్క అడుగంటిన కొబ్బరి ముక్కలా ఎండదు గానీ, మెత్తబడి విరిగిపోతుంది. బొమ్మిడాయిల లాంటి సన్న చేప అసలు ఆగదు. కండ గట్టిగా ఉండే చేప కావాలి. రొయ్య అయితే రబ్బరైపోతుంది. చింతపండు పులుపు కలిసి రావచ్చు, పులుపు ఎక్కువున్న దానికి తక్కువ వేడి సరిపోతుంది, అయితే మన పులుసులో ఆ పులుపు ఎంతుందో కొలిచి చూడాలి, నోటితో కాదు, మీటరుతో. మామిడికాయ వేసిన పులుసు, వెయ్యని పులుసు వేర్వేరుగా కొలవాలి.

---

మైపాడు అల | ఆదివారం సాయంత్రం 6:04

రొయ్య రబ్బరైతే మరి పులుసు రసం ఒక్కటే ప్యాకెట్లో పెట్టి, రొయ్యలు పచ్చివి ఒలిచి పక్కన ఇవ్వొచ్చుగా? ఇంట్లో పులుసు మరిగించి రొయ్యలు పడేస్తే అయిదు నిమిషాలు.

---

కావలి కోల్డ్ స్టోరేజీ | ఆదివారం సాయంత్రం 6:11

తమ్ముడూ, నువ్వు సముద్రం ఒడ్డున కూర్చోని మంచి మాట చెప్పావు. రసం రిటార్ట్, రొయ్య గడ్డకట్టింది. కొట్టువాడు ఫ్రిజ్ ఆపినా పులుసు పోదు. రొయ్యకి మాత్రం ఫ్రిజ్ ఆపని కొట్టు వెతకాలి, నెల్లూరులో అలాంటివి ఉన్నాయి, అన్నీ దొంగ కొట్లు కావు.

---

డాలస్ నెల్లూరోడు | ఆదివారం రాత్రి 8:30

ఆ రసం ప్యాకెట్ చేస్తే మొదటి పెట్టె డాలస్‌కి పంపండి. ఇక్కడ ఇండియన్ కొట్లో అన్ని కూరల ప్యాకెట్లూ ఉంటాయి, ఉత్తరాది కూరలే. పులుసు అన్నది లేదు. రొయ్యలంటారా, ఇక్కడి సూపర్ మార్కెట్లో ఒలిచినవే దొరుకుతాయి, ప్యాకెట్ వెనక "ఇండియా ఉత్పత్తి" అని ఉంటుంది. ఎవరి గుంటవో ఏమో!

---

సింగరాయకొండ స్టేషన్ | ఆదివారం రాత్రి 8:52

భారతదేశంలో సెవెన్ ఎలెవెన్ 2021 అక్టోబరులో ముంబై అంధేరిలో తెరిచారు, రిలయన్స్ వాళ్ళు. నేను మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు చూశాను. సమోసా, టీ, శాండ్‌విచ్, ఆ రంగు ఐసు. థాయిలాండ్ షాపులో చూసిన అన్నం డబ్బాల గోడ అక్కడ నాకు కనపడలేదు. బయట వడాపావ్ బండి దగ్గర జనం ఎక్కువున్నారు. ఈ దేశంలో ఆ షాపుకి పోటీ ఇంకో షాపు కాదు, బండి.

---

ఒంగోలు గిత్త | ఆదివారం రాత్రి 9:00

నేను మొదటి నుంచీ అదే మొత్తుకుంటున్నా.

---

విడవలూరు గుంటలు | ఆదివారం రాత్రి 9:35

గిత్తా, బండికి నేను ఎదురు కాదు. కానీ బండి వాడు నా దగ్గర రొయ్య కొనడు గదా.

కావలి తమ్ముడూ, పులుపు కొలిచే మీటరు మీ ప్లాంట్లో ఉంటుందా? మా ఇంటామె పెట్టే పులుసు రెండు రకాలు సీసాల్లో పోసి పంపిస్తా. ఒకటి మామిడికాయది, ఒకటి ఉత్త చింతపండుది. ఈ వారం మా చివరి గుంట పట్టుబడి ఉంది, ఆ లారీలోనే కావలి దాకా వేయిస్తా.

---

కావలి కోల్డ్ స్టోరేజీ | ఆదివారం రాత్రి 9:44

పంపించన్నా. నూనె తేలకుండా పైన తీసేసి పంపించు, మీటరు ముల్లుకి నూనె అంటితే లెక్క తప్పుతుంది. సీసా మీద వండిన తారీఖు రాయి. సీసాలు మాత్రం కొంచెం పెద్దవి పంపు, ల్యాబ్‌లో నలుగురం ఉన్నాం.